ఒక స్ట్రిక్టు మనిషి గురించి, ఇష్టం లేకుండా

మా బావగారు పోయారని మా ఆయన ఫోన్లో చెప్పినప్పుడు నేను అనకాపల్లిలో, మా కాలేజీ స్టాఫ్ రూములో కూర్చుని జవాబు పత్రాలు దిద్దుతున్నాను. "అన్నయ్య పోయేడు" అన్నారు. ఆ వెనకే, "వింటన్నావా?" అన్నారు. వింటున్నాననే చెప్పాను. చేతిలో ఉన్న పేపరు చివరిదాకా దిద్ది, మార్కులు వేసి, అప్పుడు లేచాను. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని చూడనూ లేదు.

నేను చోడవరంలో బావగారింటికి చేరేసరికి వీధిలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కుర్చీలు వేసేశారు. కూర్చున్న ప్రతివాళ్ళ నోటా ఒకటే మాట. "స్ట్రిక్టు మనిషండీ." "అంత స్ట్రిక్టు మనిషిని మళ్ళీ సూడం." ఎదురింటి మందుల షాపాయన అదే అన్నాడు. బావగారి దగ్గర గుమాస్తాగా చేసిన ఒక పెద్దమనిషి కళ్ళు తుడుచుకుంటూ, "నన్ను రెండుసార్లు సస్పెండ్ చేయించేరమ్మా. ఏం స్ట్రిక్టు!" అన్నాడు, తనకి దక్కిన ప్రసాదం గురించి చెబుతున్నట్టు.

మనవాళ్ళకి ఈ ఇంగ్లీషు మాట మీద ఎందుకో అంత మక్కువ. మొండివాడు అంటే తిట్టు. రాతిగుండె అంటే శాపనార్థం. అదే మనిషిని స్ట్రిక్టు అనండి, మెళ్ళో దండ వేసినట్టే. పిల్లల్ని చేర్పించడానికి మా కాలేజీకి వచ్చే తండ్రులు ఫీజు కన్నా ముందు అడిగేది అదే: "ఇక్కడ స్ట్రిక్టేనాండి?" అవునంటే వాళ్ళ మొహాలు విప్పారతాయి. నేను ఇంగ్లీషు చెప్పే మనిషిని. ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలుసు. బావగారితో ఒకసారి ఆ సంగతి మాట్లాడాను కూడా. ఆయన నాతో నేరుగా మాట్లాడిన ఆఖరి సంభాషణ అదే.

రాసేటప్పుడైనా ఆయన్ని 'వాడు' అనాలని ఉంది. చెయ్యి రావడం లేదు. ఆయన మమ్మల్ని అలా తయారు చేశారు.

సన్నగా, పొడుగ్గా, బట్టలతో పాటు మనిషిని కూడా ఇస్త్రీ చేసినట్టు ఉండేవారు. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. వంటింటి వైపు వచ్చేముందు మాత్రం ఒక్కసారి గొంతు సవరించుకునేవారు. ఆ చప్పుడుకి లోపల ఉన్న మేమిద్దరం, అంటే ఆయన భార్యా నేనూ, అంటున్న మాటని సగంలో మింగేసేవాళ్ళం. ఆవిడని నేను అక్కా అంటాను. మాట్లాడుకోవద్దని ఆయన మాకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకుండానే అలా జరిగిపోవాలి, అదీ ఆయనకి కావలసింది.

పేపరు ఆయన చదివాకే మిగతావాళ్ళు ముట్టుకోవాలి. చదివినవాళ్ళు మళ్ళీ ఏ మడత ఆ మడత మీదే పెట్టాలి. టీవీ రిమోటు ఆయన చొక్కా జేబులో, పెన్ను పక్కన ఉండేది. టీ కలిపేటప్పుడు చెంచా గ్లాసుకి తగిలి చప్పుడైతే ఆ టీ తాగేవారు కాదు. కోపంగా తోసెయ్యడం లాంటిదేమీ ఉండదు. గ్లాసుని నెమ్మదిగా, రెండు వేళ్ళతో, బల్ల అంచు దాకా జరిపేవారు. అంతే. అక్క వచ్చి తీసుకుపోయి మళ్ళీ పెట్టేది. ఎవరైనా ఏమన్నా అడగబోతే చిన్నగా నవ్వి, "నేను స్ట్రిక్టు. తెలుసు కదా" అనేవారు. ఆ నవ్వు చాలా మర్యాదగా ఉండేది. దాన్ని గుర్తు చేసుకుంటే నాకు ఇప్పటికీ పళ్ళు బిగుసుకుంటాయి.

ఒక్క సంగతి రాయకపోతే నాది తప్పవుతుంది. ఆయన లంచం తినలేదు. ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంటుగా చేసి, పనుల కోసం వచ్చినవాళ్ళ డబ్బుతో ఒక్క కాఫీ కూడా తాగలేదు. తమ్ముడి చిన్నతనంలోనే మామగారు పోతే ఆ తమ్ముణ్ణి, అంటే మా ఆయన్ని, చదివించి ఉద్యోగస్థుణ్ణి చేశారు. ఇవన్నీ నిజాలే. అయితే ఆ నిజాయితీని ఆయన ఇంట్లో కర్రలాగా వాడుకున్నారు. "నేను ఒకళ్ళది తినను, ఒకళ్ళకి లొంగను" అంటే ఇంక ఆ మనిషికి ఎవరు ఎదురు చెబుతారు? తప్పు చేసేవాడితోనైనా దెబ్బలాడవచ్చు గానీ, తప్పు చెయ్యనని తెలిసిన మనిషితో కాపురం చెయ్యడం మహా కష్టం.

అక్కది దేవరాపల్లి దగ్గర పల్లె. వాళ్ళ తమ్ముడు వ్యవసాయం చేస్తాడు. అతను ఒకసారి మాడుగుల వెళ్ళి వస్తూ, దారిలో దిగి, అక్కకిష్టమని హల్వా పట్టుకుని వచ్చాడు. వచ్చింది మధ్యాహ్నం. బావగారు వరండాలో ఉన్నారు. "ఫోన్ చేసి రావాలి కదా బాబూ" అన్నారు. "దారిలోనే కద బావా, ఒక్కసారి అక్కని సూసి ఎలిపోతాను" అన్నాడతను. "కూర్చో. టీ వేళకి లేస్తుంది. ఇది పడుకునే టైము" అన్నారు. అక్క పడుకోలేదు. కిటికీ వెనకాల నిలబడి ఉంది. తమ్ముడు బెంచీ మీద, చేతిలో పొట్లం పెట్టుకుని, ఎండ కాళ్ళ మీదికి పాకి వచ్చేదాకా కూర్చుని, చివరికి "పనుంది బావా" అని పొట్లం అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. బావగారు దాన్ని లోపలికి తెచ్చి ఇచ్చి, "తినండి. మీవాళ్ళు తెచ్చిందే" అన్నారు. అక్క తినలేదు. నాకూ సయించలేదు. ఆయన మాత్రం భోజనమయ్యాక ఒక ముక్క తిని, "నెయ్యి బాగానే వేసేడు" అన్నారు.

ఇదంతా చిన్న సంగతి. దీనికే నేను ఇన్నేళ్ళు ద్వేషం పెట్టుకోను.

ఆ రోజు ఆదివారం. టిఫిన్లయిపోయి అక్క పప్పు పొయ్యి మీద పడేసి, కూరకి బీరకాయలు చెక్కు తీస్తోంది. దేవరాపల్లి నుంచి ఫోను. అక్క చేతులు తడిగా ఉన్నాయని నేనే స్పీకర్ పెట్టి పట్టుకున్నాను. అవతల తమ్ముడు.

"అక్కా, అమ్మకి ఏటీ బాగోనేదే. డాక్టరు వచ్చి సూసి ఎలిపోయేడు. నిన్ను సూడాలంతంది. ఎంటనే వచ్చీ."

అక్క చేతులు చీరకి తుడుచుకుని వరండాలోకి వెళ్ళింది. వెనకాలే నేనూ వెళ్ళాను. బావగారు పేపరు చదువుతున్నారు.

"అమ్మకి బాగోలేదటండి. రమ్మంతన్నాడు తమ్ముడు."

ఆయన చదువుతున్న పేజీ పూర్తి చేసి మడత పెట్టారు. "వెళ్ళు. వెళ్ళొద్దని నేనన్నానా? భోజనాలు అయ్యేక వెళ్ళు."

అక్క కదలలేదు. ఆ ఇంటికి కోడలిగా వచ్చాక నేను ఆయన ముందు అడక్కుండా మాట్లాడడం అదే మొదలు. "బావగారూ, వంట నేను చేస్తాను, వడ్డన కూడా నేనే చేస్తాను. అక్కని ఇప్పుడే పంపండి" అన్నాను.

ఆయన నా వైపు చూసి నవ్వారు. "వడ్డన పెద్దకోడలి పనమ్మా. మా అమ్మ రోజుల నుంచీ అంతే. ఇవాళ ఒకందుకు మారుస్తాం, రేపు ఇంకొకందుకు మారుస్తాం. ఇంక పద్ధతెక్కడుంటుంది? నేను స్ట్రిక్టు. తెలుసు కదా."

గదిలోకి వెళ్ళి మా ఆయన్ని అడిగాను. గడ్డానికి సబ్బు రాసుకుని అద్దం ముందు నిలబడి ఉన్నారు. "మీరైనా చెప్పండి" అంటే, "అన్నయ్యకి ఎవరు చెప్తారే? కాసేపే కదా, భోజనాలయిపోతే బయల్దేరిపోతుంది" అన్నారు, అద్దంలోంచే.

అక్క తిరిగి వంటింట్లోకి వెళ్ళి కత్తిపీట ముందు కూర్చుంది. నేను అన్నం వార్చాను. పన్నెండున్నరకి, రోజూ వచ్చే వేళకే, గొంతు సవరించుకుని వచ్చి కూర్చున్నారు. అక్క వడ్డించింది. ఆయన రోజూ తిన్నంత నింపాదిగానే తిన్నారు. కూర మారు వేయించుకున్నారు. మజ్జిగ కలుపుకున్నాక ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు తగ్గింది" అన్నారు. అక్క ఉప్పు తెచ్చింది. చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో వేలు వేలూ తుడుచుకుని, అప్పుడన్నారు. "ఇప్పుడు వెళ్ళు. తోడు మా మరదల్ని తీసుకెళ్ళు."

మేము తినకుండానే బయల్దేరాం. బస్టాండుకి ఆటో. దేవరాపల్లి బస్సు అప్పుడే వెళ్ళిపోయింది. షేర్ ఆటో ఎక్కాం. చెరకు కోతల రోజులు కావడంతో దారి పొడుగునా ముందు చెరకు ట్రాక్టర్లు. ఒక్కదాన్ని దాటితే ఇంకొకటి. అక్క సంచీ ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో దాన్ని పట్టుకుని, ముందు ట్రాక్టరు మీంచి వేలాడే చెరకు గడల్నే చూస్తూ కూర్చుంది. డ్రైవరు హారను కొట్టినప్పుడల్లా ఉలిక్కిపడేది.

మేము వెళ్ళేసరికి అక్క తల్లిని వరండాలోకి తెచ్చేశారు. పక్కింటి ముసలావిడ ఎదురొచ్చి అక్కని పట్టుకుంది. "ఇప్పుడా తల్లీ రావడం! సివరిదాకా గుమ్మం కేసే సూసిందే. 'పెద్దది బయల్దేరిందా, పెద్దది బయల్దేరిందా' అని ఒకటే అడగడం. ఇందాకే... ఇందాకే పోయిందే."

అక్క ఏడవలేదు. తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని, దుప్పటి కిందకి చెయ్యి పోనిచ్చి పాదాలు పట్టుకుంది. కొంచెంసేపటికి నన్ను రమ్మని సైగ చేసి, రహస్యం చెబుతున్నట్టు అంది. "సెల్లీ, ఇంకా ఎచ్చగానే ఉన్నాయే."

మర్నాడు పొద్దున్న బావగారు వచ్చారు. చెప్పిన టైముకి వచ్చారు. దండ తెచ్చారు, పాడె మోశారు, చేయించవలసినవన్నీ దగ్గరుండి చేయించారు. ఆ పల్లెలో నా చెవులారా విన్నాను. "అల్లుడంటే ఆయనా! ఎంత పద్ధతి!" అక్క తమ్ముడు మాత్రం ఆయన మొహం వైపు చూడలేదు. తిరుగు ప్రయాణంలో ఆయన అక్కతో, "అందరికీ వేళకి భోజనాలు పెట్టేరు. ఫర్వాలేదు మీవాళ్ళు" అన్నారు. మెచ్చుకున్నాననే అనుకున్నారు. ఆయనలో నన్ను భయపెట్టింది అదే. ఆ మనిషికి తను చేసింది తెలియదు. తెలుసుకోడానికి ఆయనలో ఎక్కడా చిన్న సందు కూడా లేదు.

ఆ నెలలోనే నేను అనకాపల్లిలో అద్దె ఇల్లు చూశాను. "కాలేజీకి దగ్గర" అని పైకి కారణం చెప్పాం. మా ఆయన సామాన్లు కడుతుంటే బావగారు నన్ను వరండాలోకి పిలిచారు.

"వెళ్తున్నారు. మంచిదే. నేను స్ట్రిక్టు అని నీకు కష్టంగా ఉండి ఉంటుంది."

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"ఇంగ్లీషు లెక్చరరువి కదా. స్ట్రిక్ట్ అంటే అసలర్థం ఏమిటో చెప్పు చూద్దాం."

పరీక్ష పెడుతున్నారు. చెప్పాను. "బిగించి కట్టినది అని బావగారూ. లాటిన్ వాళ్ళ మాట. బిగించి లాగడం అనే క్రియలోంచి వచ్చింది. రిస్ట్రిక్ట్, స్ట్రెస్, అన్నీ ఆ తాడు పోగులే. మనం జిల్లాని డిస్ట్రిక్ట్ అంటామే, అదీ అక్కణ్ణించే."

ఆయన మొహం వెలిగింది. నేను ఆ మొహం అంత సంతోషంగా ఉండగా చూడడం అదొక్కసారే. "చూసేవా! కట్టు. మనవాళ్ళూ అదే అన్నారు. కట్టుబాటు. కట్టు లేనిదే ఇల్లు నిలవదు. మీ నాన్న చెరకు వేస్తారు కదా. గడలన్నీ కలిపి జడ చుట్టకపోతే ఏమవుతుంది?"

"గాలికి పడిపోతుంది."

"మరి?"

"మా నాన్న చెరకు ఆకులతోనే జడ చుడతారు బావగారూ. గాలి ఆడేలాగ వదులుగా చుడతారు. ఇనప తీగ పెట్టి బిగించరు." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అయినా ఆగలేదు. "ఆ రోజు అక్కని ముందే పంపి ఉంటే, మన ఇంట్లో ఏ చెరకు పడిపోయేది?"

ఆయన నవ్వలేదు. కోప్పడనూ లేదు. కండువా తీసి మళ్ళీ మడత పెట్టి భుజం మీద వేసుకున్నారు. "ఇంగ్లీషు బాగానే చదివేవు" అని లోపలికి వెళ్ళిపోయారు. అంతే. ఆ తరవాత నాతో ఏదైనా చెప్పాలంటే మా ఆయన వైపు తిరిగి "మీ ఆవిడతో చెప్పు" అనేవారు, నేను ఆ గదిలోనే ఉన్నా సరే. నాకు లోటనిపించలేదు. హాయిగానే ఉంది.

రెండేళ్ళ కిందట ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట ముద్దగా వచ్చేది. నేను చూడ్డానికి వెళితే మొహం గోడ వైపు తిప్పుకునేవారు. అందరూ పాపం, పాపం అనేవారు. నాకు ఆయన్ని చూసి పాపం అనిపించలేదు. ఆయన్ని ఎత్తి, తిప్పి, కడిగి, తినిపించి పగుళ్ళు తేలిన అక్క చేతులు చూసినప్పుడు అనిపించింది. మంచంలో పడి కూడా ఆయన ఎడం చేత్తో గ్లాసుని అంచుకి జరపడం మానలేదు. అక్క తీసుకుపోయి మళ్ళీ పెట్టడమూ మానలేదు.

బావగారు పోయిన వారానికి వాళ్ళబ్బాయి నాకు ఫోన్ చేశాడు. వైజాగ్‌లో బ్యాంకులో పని చేస్తున్నాడు. తండ్రి లాంటివాడు కాదు. మెత్తని కుర్రాడు.

"పిన్నీ, పన్నెండో రోజుకి ఫ్లెక్సీ వేయిస్తన్నాం. నాన్న ఫొటో కింద ఇంగ్లీషులో ఒక మాట ఉంటే బాగుంటుందని. స్ట్రిక్ట్ అని రాస్తే మరీ స్కూల్లా ఉంది. అలాంటిదే, కొంచెం క్లాస్‌గా ఉండేది సెప్పు."

ఆలోచించి చెబుతానన్నాను. ఆ సాయంత్రమంతా మాటలు ఏరుకుంటూ కూర్చున్నాను. సివియర్ అన్నది తుఫాను హెచ్చరికల్లో వినే మాట. ఆ మాట ఆయనకి పెద్దది, ఆయన ఎప్పుడూ అంత చప్పుడు చెయ్యలేదు. హార్ష్ అంటే పూర్వం చేతికి గరుగ్గా తగిలే దాన్ని అనేవారట. ఇస్త్రీ మనిషికి అదీ నప్పదు. చివరికి ఒకటి దొరికింది. దొరగ్గానే ఫోన్ చేసి చెప్పాను.

"ఆస్టియర్."

"ఆగు పిన్నీ, గూగుల్లో సూస్తన్నాను... 'నిరాడంబరమైన', 'నియమబద్ధమైన'. అబ్బ, సూపరు! నాన్నకి సరిగ్గా సరిపోయింది" అన్నాడు.

పన్నెండో రోజున ఇంటి ముందు షామియానా కింద పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఇస్త్రీ చొక్కాలో ఆయన, మర్యాదగా నవ్వుతూ. కింద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో ఆ మాట. వచ్చినవాళ్ళు దాని ముందు నిలబడి చదివి తలలు ఊపుతున్నారు. ఒక రిటైరైన మేష్టారు, "ఎంత వెతికి వేసేరండీ! ఆయన్ని ఒక్క మాటలో చెప్పేసేరు" అన్నాడు. నేను కాదనలేదు.

అక్క లోపల గుమ్మానికెదురుగా చాప మీద కూర్చుని ఉంది. అక్కణ్ణించి ఫ్లెక్సీ సూటిగా కనిపిస్తోంది. చుట్టూ బంధువుల ఆడవాళ్ళు. నన్ను చూసి పక్కన కూర్చోమంది.

"సెల్లీ, మీ బావ ఫొటో కింద ఏటి రాయించేరే? పొద్దుట్నుంచీ కూడబలుక్కుంతన్నాను, రావట్లేదు."

"ఆస్టియర్ అనక్కా. నిరాడంబరంగా, నియమంగా బతికినాయన అని."

అక్క నా మొహంలోకి చూసింది. ఇరవై ఏళ్ళు ఒకే పొయ్యి దగ్గర వండుకున్నాం, తరవాత దూరమయ్యాం కానీ మొహాలు మర్చిపోలేదు. "నువ్వు సెప్పిన మాటేనట కదా. అబ్బాయి సెప్పేడు. నువ్వు సెప్పేవంటే ఊరికినే సెప్పవు. అసలుదేటి?"

చుట్టూ చూశాను. ఎవరి మాటల్లో వాళ్ళున్నారు. గొంతు తగ్గించాను. "పూర్వం గ్రీకువాళ్ళు ఈ మాటని మొదట వాడింది మనుషులకి కాదక్కా. రుచికి వాడేవారు. పళ్ళకి, ద్రాక్ష సారాయికి. నోట్లో పెట్టుకుంటే నాలుక ఎండగట్టేస్తుందే, ఆ రుచి. పచ్చి వెలక్కాయ కొరికితే ఎలాగుంటుంది?"

"వగరు."

"అదే."

అక్క ఫ్లెక్సీ కేసి చూసింది. ఇస్త్రీ చొక్కా కేసి, నవ్వు కేసి, కింద అక్షరాల కేసి చూసింది. "వగరు" అంది మళ్ళీ, చాలా నెమ్మదిగా, నాలుక మీద పెట్టుకుని చూస్తున్నట్టు. పెదవులు బిగబట్టుకుంది. ముక్కు పుటాలు అదిరాయి. కొంగు గబుక్కున మొహం మీదికి లాక్కుని వంగిపోయింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఇన్నేళ్ళలో ఆవిడ అలా నవ్వగా నేను చూడలేదు. చప్పుడు బయటికి రాకుండా ఆపుకుంటూ ఉంటే గొంతులోంచి ఒక వింత మూలుగు వస్తోంది.

ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. ఒకావిడ వీపు నిమురుతూ తనూ ఏడుపు మొదలుపెట్టింది. "ఊరుకోమ్మా, ఊరుకో. అలాటి మొగుడు ఎవరికి దొరుకుతాడు! ఎంత ఏడిసినా తిరిగొస్తాడా?" దాంతో అక్క భుజాలు ఇంకా ఎగిరాయి. ఎవరో మంచినీళ్ళు తెచ్చారు. బయట మగవాళ్ళు మాటలు ఆపేశారు. వాళ్ళబ్బాయి గుమ్మంలోకి వచ్చి నిలబడి, తల్లిని చూసి కళ్ళు తుడుచుకున్నాడు.

అక్క కొంగు లోపలి నుంచి నా చెయ్యి వెతికి పట్టుకుని, నా చెవికి మాత్రమే వినబడేటట్టు అంది. "సెల్లీ, నన్ను అటు తిప్పీ. ఆ ఫొటో ఎదురుగా ఉంటే ఆగట్లేదే."

నేను భుజాలు పట్టుకుని అక్కని గోడ వైపు తిప్పాను.